టన్ను రాయిలో పావు గ్రాము: బోట్స్వానా వజ్రాల లెక్క

జ్వానెంగ్ గనిలో ఇప్పుడు సాగుతున్న విస్తరణకు కట్-9 అని పేరు. 4.4 కోట్ల టన్నుల ముడిరాయి ఆడించి 5.3 కోట్ల క్యారెట్ల వజ్రాలు తీయాలని అంచనా వేసుకున్నారు. అంటే టన్నుకు 1.2 క్యారెట్లు. క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. కాబట్టి టన్ను రాయిని పిండి చేస్తే చేతికొచ్చేది పావు గ్రాము కూడా నిండదు. విలువ ప్రకారం చూస్తే ప్రపంచంలోకెల్లా గొప్ప వజ్రాల గనిగా పేరున్నది దీనికే!

ఆ పావు గ్రాము మీదే ఒక దేశం బడులు, ఆస్పత్రులు, రోడ్లు కట్టుకుంది. 1966 సెప్టెంబర్ 30న స్వతంత్రం వచ్చేనాటికి బోట్స్వానా మొత్తానికి ఉన్న తారు రోడ్డు 12 కిలోమీటర్లేనని చెబుతారు. ఇటీవలి దాకా ఎగుమతుల్లో దాదాపు 80 శాతం, ప్రభుత్వ ఆదాయంలో సుమారు మూడో వంతు వజ్రాల నుంచే వచ్చేవి. అదే దేశంలో 2025 ఆగస్టులో ఆస్పత్రులకు మందులు కరువై, అధ్యక్షుడు డూమా బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. గనిలో వజ్రాలు అయిపోయి కాదు. వాటిని కొనేవాళ్లు తగ్గిపోయి.

ఖనిజ సంపద అనగానే భూమిలో ఎంత ఉందని అడగడం మనకు అలవాటు. దాన్ని పైకి తేవడానికి ఎంతవుతుంది, వచ్చినదానికి వెల ఎవరు కడతారు, అమ్మేది ఎవరు అన్నవి అసలు ప్రశ్నలు. తవ్వకం, వెలకట్టడం, అమ్మకం... ఈ మూడింటి మీద బోట్స్వానా 50 ఏళ్లుగా పట్టు బిగిస్తూ వచ్చింది. గిరాకీ మాత్రం దాని చేతిలోకి రాలేదు.

చెదపుట్ట చెప్పిన ఆనవాలు

వజ్రాలు భూమిలో 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున, చాలా పాత భూఖండాల అడుగున తయారవుతాయి. వాటిని పైకి మోసుకొచ్చేది కింబర్లైట్ అనే అగ్నిశిల. ఇది క్యారెట్ దుంపలా పైన వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నగా ఉండే గొట్టంలా గడ్డకడుతుంది. దొరికిన కింబర్లైట్లలో గని పెట్టడానికి గిట్టుబాటయ్యేది నూటికి ఒకటి ఉంటే గొప్ప. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో రాళ్లు ఏరేవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ వాణిజ్య స్థాయి వజ్రాల గని ఒక్కటీ నడవడం లేదు. గొట్టం ఉండటం వేరు, అందులో తగినంత సరుకు ఉండటం వేరు.

బోట్స్వానాలో వెతుకులాట 1950ల్లో మొదలైంది. తూర్పున మొట్లౌట్సే నది ఇసుకలో కొన్ని చిన్న వజ్రాలు దొరికాయి. నది వెంట ఎగువకు పోతే మూలం తగలాలి. తగల్లేదు. వజ్రాల కంపెనీ డీ బీర్స్ భూగర్భ శాస్త్రవేత్త గావిన్ లామాంట్‌కు అక్కడ ఒక ఆలోచన తట్టింది. ఒకప్పుడు నేల ఉబ్బి లేవడంతో నది పైభాగం తెగిపోయి ఉంటుందని, అసలు ఊట ఇప్పటి నది పుట్టుకకు అవతల ఉంటుందని ఆయన ఊహ. ఆ గట్టు దాటి పడమరకు వెళ్లి వెతికితే 1967లో ఒరాపా గొట్టం బయటపడింది. పైన దాని విస్తీర్ణం 118 హెక్టార్లు, అంటే మన లెక్కలో 290 ఎకరాలు. 1971లో గని మొదలైంది.

జ్వానెంగ్ సంగతి ఇంకా చిత్రం. అక్కడ కింబర్లైట్ మీద దాదాపు 50 మీటర్ల మందాన కలహారి ఇసుక, సున్నపు గట్టి పొర కప్పి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. అయితే చెదపురుగులు తేమ కోసం చాలా లోతుకు దిగి, పుట్ట కట్టుకోవడానికి అడుగు మట్టిని రేణువు రేణువుగా పైకి తెస్తాయి. నేల మీది మట్టిని జల్లెడ పట్టినప్పుడు నల్లని ఇల్మనైట్, ఎర్రని గార్నెట్ రేణువులు కనిపించింది అందువల్లే. వజ్రం కోసం వెతికేవాళ్లు ముందు వెతికేది వజ్రాన్ని కాదు, దానితో పాటు పైకి వచ్చే ఈ రేణువుల్నే. గార్నెట్‌లో క్రోమియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఆ గొట్టంలో వజ్రం ఉండే అవకాశం పెరుగుతుంది. 1970ల మొదట్లో జ్వానెంగ్ దొరికింది, 1982లో ఉత్పత్తి మొదలైంది.

లోతుకు పోవాలంటే వెడల్పు చేయాలి

ఓపెన్‌కాస్ట్ గని లోతు పెంచాలంటే చుట్టూ గోడల్ని కూడా వెనక్కి జరపాలి. గోడ వాలు 45 డిగ్రీలు అనుకుంటే, మరో 100 మీటర్ల లోతుకు దిగడానికి ప్రతి గోడనూ 100 మీటర్లు వెనక్కి తవ్వాలి. అలా వచ్చేదంతా పనికిరాని రాయి. సింగరేణిలో దీన్నే ఓబీ (ఓవర్‌బర్డెన్) అంటారు. పైగా కింబర్లైట్ గొట్టం కిందికి పోయే కొద్దీ సన్నబడుతుంది. అంటే లోతు పెరిగే కొద్దీ తీయాల్సిన చెత్త పెరుగుతూ, దొరికే సరుకు తగ్గుతూ పోతుంది. వాలు నిటారుగా పెడితే ఓబీ ఖర్చు తగ్గుతుంది, కానీ గోడ జారి పడే ప్రమాదం పెరుగుతుంది. గని ఇంజనీర్ల నిత్య తలనొప్పి ఈ రెండు మూడు డిగ్రీల మీదే.

కట్-9కి పెట్టుబడి సుమారు 200 కోట్ల డాలర్లు. అందులో మొదటి కొన్నేళ్లు పోయేదంతా ఓబీ తీయడానికే. ధర పడిపోయినప్పుడు ముందుగా ఆపాలనిపించేదీ అదే. ఆపితే ఈ ఏడాది డబ్బు మిగులుతుంది, మూడు నాలుగేళ్లకు ముడిరాయి అందదు. మార్కెట్ కోలుకునే వేళకు గని ఖాళీగా ఉంటుంది.

తవ్విన ముడిరాయిని పగలగొట్టడంలో ఒక మెలిక ఉంది. చిన్నగా పగలగొడితే రాయిలో ఇరుక్కున్న చిన్న వజ్రాలు విడిపోతాయి, పెద్దవి ముక్కలవుతాయి. పెద్దగా వదిలేస్తే పెద్ద వజ్రం బతుకుతుంది, చిన్నవి రాయిలోనే ఉండి చెత్తకుప్పకు పోతాయి. వజ్రం గీతకు లొంగదు గానీ దెబ్బకు చీలుతుంది. బోట్స్వానాలోనే ఉన్న కరోవే గనిలో 2015లో 1,109 క్యారెట్ల లెసెడి లా రోనా వజ్రం దొరికింది. అప్పటికే దాని నుంచి 374 క్యారెట్ల ముక్క విరిగి వేరైపోయింది. పెద్దదాన్ని 2017లో 5.3 కోట్ల డాలర్లకు, ముక్కను 1.75 కోట్ల డాలర్లకు అమ్మారు. విరగకుండా వచ్చి ఉంటే ఎంత పలికేదో ఊహించుకోవచ్చు. క్యారెట్ ధర రాయి సైజుతో సమంగా పెరగదు, దూకుతుంది.

పగిలిన రాయిని కడిగి, జల్లెడ పట్టి, బరువు మీద వేరు చేస్తారు. నీళ్లలో ఫెర్రోసిలికాన్ పొడి కలిపితే చిక్కటి ద్రవం తయారవుతుంది. ముడిరాయిని దానితో కలిపి గరాటు ఆకారపు సైక్లోన్‌లో గిర్రున తిప్పుతారు. మామూలు కింబర్లైట్ సాంద్రత 2.5 నుంచి 2.8 దాకా ఉంటే వజ్రానిది 3.52. తేలికది పైనుంచి, బరువైనది కిందినుంచి బయటికి వస్తాయి. గార్నెట్, ఇల్మనైట్ కూడా వజ్రంతో పాటు కిందికే వస్తాయి. ఆడించిన రాయిలో ఇలా మిగిలేది నూటికి ఒకటి రెండు వంతులే ఉంటుంది.

ఇక్కడ జరిగే తప్పులు కంటికి కనబడవు. సైక్లోన్ కింది మూతి అరిగిపోయినా, పంపు ఒత్తిడి తగ్గినా, రాయిలోని బంకమట్టి ద్రవంలో కలిసి దాన్ని జిగటగా మార్చినా వజ్రం తేలికదానితో కలిసి బయటికి పోతుంది. యంత్రం మాత్రం మామూలుగానే నడుస్తూ ఉంటుంది. అందుకే తెలిసిన సాంద్రత ఉన్న రంగు ప్లాస్టిక్ ఘనాలను రాయితో పాటు లోపలికి వేసి, ఏ సాంద్రతవి ఎటు వచ్చాయో లెక్క చూస్తారు. 3.5 సాంద్రత ఘనం తేలికవాటిలో కనబడిందంటే ఆ షిఫ్టులో వజ్రాలు పోయాయన్నమాటే. ఫెర్రోసిలికాన్ అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి దాన్ని మళ్లీ పట్టి వాడుకుంటారు. అయినా కొంత పోతూనే ఉంటుంది, అది నేరుగా ఖర్చు. బురద నుంచి నీళ్లు తిరిగి రాబట్టడం మరో పెద్ద పని. ఎడారి అంచున నడిచే ప్లాంటుకు నీటి కంటే విలువైన ముడిసరుకు లేదు.

వదిలేసిన చెత్తలో ఎంత పోయిందో తెలియాలంటే ఒరాపా దగ్గరి లెట్లకానే గని చూడాలి. అక్కడ ఓపెన్‌కాస్ట్ గని 2017లో ముగిసింది. అదే ఏడాది దశాబ్దాల నాటి చెత్తకుప్పల్ని మళ్లీ ఆడించే ప్లాంటు మొదలైంది.

చివరి వడపోత ఎక్స్-రేతో. ఎక్స్-రే తగిలితే వజ్రం మెరుస్తుంది. ఆ మెరుపును యంత్రం పట్టుకుని క్షణంలో గాలి ఊది రాయిని పక్కకు నెడుతుంది. జ్వానెంగ్‌లో 2000 నుంచి ఈ విభాగంలో మనిషి చేయి తగలకుండానే పని జరుగుతోంది. కానీ ఒక చిక్కు ఉంది. నైట్రోజన్ దాదాపుగా లేని టైప్ 2ఎ వజ్రాలు ఎక్స్-రేలో సరిగా మెరవవు. అతి పెద్దవి, అతి స్వచ్ఛమైనవి చాలావరకు ఈ కోవకే చెందుతాయి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి పోయి గోల్కొండ వజ్రాలుగా పేరు పడ్డ రాళ్లూ ఈ జాతివే. అంటే గనిలో అన్నిటికన్నా ఖరీదైన రాయినే యంత్రం చూడలేకపోయే ప్రమాదం ఉంది. కరోవేలో దీనికి విరుగుడుగా 2015లో కొత్త పద్ధతి పెట్టారు. రాయి మెరుస్తుందా లేదా అని కాక, ఎక్స్-రే రాయిలోంచి ఎంత దూసుకుపోతుందో కొలిచి కర్బనాన్ని గుర్తుపడతారు. పైగా పగలగొట్టే దశకు ముందే పెద్దవాటిని పక్కకు తీయడానికి వీలవుతుంది. 2024 ఆగస్టులో 2,488 క్యారెట్ల మొట్స్వేడి వజ్రం అలాగే చిక్కింది.

వందలో 80 ఎలా అయింది

ఒరాపా దొరికిన చోటు బమాంగ్వాటో తెగ భూమి. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామాది ఆ తెగ రాజవంశమే. గని తెగదా, దేశానిదా? 1967 గనుల చట్టంతో భూగర్భ హక్కులన్నీ ప్రభుత్వానికి దక్కాయి, ఆయన సొంత తెగవి కూడా. ఈ పని గనిలో డబ్బు కనబడక ముందే అయిపోవడం కీలకం. వాటాల పంపకం డబ్బు కళ్లజూశాక మొదలుపెట్టిన చోట ఏమవుతుందో ఆఫ్రికాలోనే చాలా దేశాలు చూపించాయి.

1969లో డీ బీర్స్‌తో పెట్టిన కంపెనీలో ప్రభుత్వ వాటా 15 శాతం. జ్వానెంగ్ దొరికాక బేరం మళ్లీ తెరిచారు, 1975కల్లా వాటా 50కి చేరింది. ఇప్పటి పేరు డెబ్స్వానా. వాటాలు సగం సగమే అయినా లాభంలో సుమారు 80 శాతం ప్రభుత్వానికి చేరుతుందని లెక్క. ఎలాగంటే, అమ్మకం విలువ మీద 10 శాతం రాయల్టీ ముందే పోతుంది. అది లాభం వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. తర్వాత లాభం మీద పన్ను. ఆ పైన మిగిలిన దానిలో సగం డివిడెండ్. డీ బీర్స్‌లో కూడా ప్రభుత్వానికి 15 శాతం ఉంది కాబట్టి అవతలి సగంలోనూ చిన్న ముక్క తిరిగి వస్తుంది.

వజ్రాలు కాని మిగతా గనులకు పన్ను వేసే సూత్రం చూడముచ్చటగా ఉంటుంది. పన్ను శాతం = 70 − (1500 ÷ ఎక్స్). ఇక్కడ ఎక్స్ అంటే స్థూల ఆదాయంలో పన్ను పడే లాభం ఎంత శాతమో ఆ అంకె. లాభం 50 శాతమైతే పన్ను 40. లాభం 75 అయితే పన్ను 50. లాభం 30కి పడితే సూత్రం ప్రకారం 20 రావాలి, కానీ 22కి తగ్గకూడదని కింది హద్దు ఉంది. గని బాగా ఆడితే ప్రభుత్వం ఎక్కువ తీసుకుంటుంది, కష్టాల్లో ఉంటే పట్టు వదులుతుంది. ప్రతి ఏడాదీ కంపెనీతో బేరమాడే పని తప్పుతుంది.

వాటా ఎంతైనా అసలు ప్రశ్న ఒకటి మిగులుతుంది. రాయి ధర ఎవరు చెప్పారు? ముడి వజ్రానికి బంగారంలా బోర్డు రేటు లేదు. సైజు, ఆకారం, నాణ్యత, రంగు చూసి వేల రకాలుగా విడదీస్తారు, ఒక్కో రకానికి ఒక్కో ధర. కొనేవాడే ధర కట్టేవాడైతే వందలో 80 అన్న మాటకు అర్థం తగ్గిపోతుంది. డీ బీర్స్‌తో 2011 ఒప్పందం ముఖ్యమైంది ఇందుకే. లండన్‌లో జరిగే విడదీత, అమ్మకం 2013 చివరికి బోట్స్వానా రాజధాని గాబరోన్‌కు మారాయి. డీ బీర్స్ ఏడాదికి పదిసార్లు పెట్టే అమ్మకాలను సైట్లు అంటారు. ఎంపిక చేసిన కొనుగోలుదారులకు పెట్టెలో సరుకు చూపిస్తారు, చెప్పిన ధరకు తీసుకోవడమో వదులుకోవడమో అంతే. అక్కడికి వచ్చేవాళ్లలో భారతీయ కుటుంబాల కంపెనీలు చాలా ఉంటాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో సంఖ్య ప్రకారం పదింట తొమ్మిది చేరేది మన దేశానికే, ముఖ్యంగా సూరత్‌కు.

అదే ఒప్పందంతో ఒకావాంగో డైమండ్ కంపెనీ పేరుతో ప్రభుత్వమే సొంతంగా ఉత్పత్తిలో కొంత భాగం వేలంలో అమ్మడం మొదలుపెట్టింది. అది తెచ్చే డబ్బు కంటే ఇచ్చే సమాచారం విలువైనదని మా అంచనా. అదే గని, అదే రకం రాయి వేలంలో ఎంత పలికిందో తెలిస్తే డీ బీర్స్ ధర న్యాయమైనదో కాదో పోల్చుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో కుదిరిన కొత్త ఒప్పందంలో ఈ వాటా మొదటి ఐదేళ్లు 30 శాతం, తర్వాతి ఐదేళ్లు 40. డెబ్స్వానా తవ్వకం హక్కు 2054 దాకా పొడిగింది.

అమ్మకం వచ్చినంత తేలిగ్గా సానపట్టే పని రాలేదు. గాబరోన్‌లో కర్మాగారాలు పెట్టించారు గానీ ఒక చిన్న రాయి మీద అక్కడ అయ్యే కూలి సూరత్ కంటే చాలా ఎక్కువ. అందుకని పెద్ద, ఖరీదైన రాళ్లే అక్కడ గిట్టుతాయి. చిన్నవి విమానమెక్కి సూరత్‌కే పోతాయి.

గిరాకీ పడిన నాడు

వజ్రాల మార్కెట్ కూలడం ఇది మొదటిసారి కాదు. 1980ల మొదట్లో అమ్ముడుపోని రాళ్లను బోట్స్వానా నిల్వ పెట్టింది. ధర తేరుకున్నాక, 1987లో ఆ నిల్వను డీ బీర్స్‌కు ఇచ్చి బదులుగా ఆ కంపెనీలోనే 5 శాతానికి పైగా వాటా, బోర్డులో రెండు కుర్చీలు తీసుకుంది. కష్టాన్ని అంత తెలివిగా వాడుకున్న ఖనిజ దేశాలు అరుదు. 2009లో డెబ్స్వానా గనులన్నీ కొన్ని వారాలు మూతపడ్డాయి. అప్పుడు ప్రభుత్వం ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు నుంచి 150 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుని గట్టెక్కింది.

ఈసారి తేడా ఉంది. అవి గిరాకీ కాసేపు ఆగిన సందర్భాలు. ఇది గిరాకీ వేరే సరుకు వైపు మళ్లడం. ప్రయోగశాలలో పెంచిన వజ్రం రసాయనికంగా అసలైన వజ్రమే, గాజు కాదు. దాని ధర ఏటేటా పడిపోతూ వచ్చింది. డీ బీర్స్ కూడా 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారెట్ 800 డాలర్లకు అలాంటివి అమ్మింది. ధరలు అంతకన్నా బాగా దిగజారడంతో 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించింది. అమెరికాలో నిశ్చితార్థపు ఉంగరాల మార్కెట్‌కే పెద్ద దెబ్బ తగిలింది. ఒకటి రెండు క్యారెట్ల మామూలు రాయికి అదే ఆధారం. డెబ్స్వానా ఉత్పత్తి 2023లో సుమారు 2.47 కోట్ల క్యారెట్లు ఉంటే 2024లో 1.8 కోట్లకు దిగింది. దేశ ఆర్థిక వ్యవస్థ ఆ ఏడాది సుమారు 3 శాతం కుంగింది. 1966 నుంచి ఏలుతున్న పార్టీ అక్టోబర్ ఎన్నికల్లో ఓడిపోయింది.

ఇలాంటి రోజు కోసమే 1994లో పులా ఫండ్ పెట్టారు. సెట్స్వానా భాషలో పులా అంటే వాన, కరెన్సీ పేరు కూడా అదే. ఖనిజ ఆదాయాన్ని జీతాలకు వాడకుండా బడి, ఆస్పత్రి, రోడ్ల మీదే పెట్టాలని ఒక కట్టుబాటూ ఉండేది. కానీ వరుస లోటు బడ్జెట్లలో ఆ ఫండ్‌లో ప్రభుత్వం తీసుకోగల భాగం చాలావరకు కరిగిపోయింది.

మిగతా ఖనిజాలు ఆదుకుంటాయా? సువా ఉప్పు మైదానంలో సోడా యాష్, మొరుపులేలో బొగ్గు ఉన్నాయి. సెలెబీ-ఫిక్వేలో రాగి, నికెల్ తీసే ప్రభుత్వ కంపెనీ నష్టాలు మోయలేక 2016 అక్టోబర్‌లో మూతపడి 5,000 మందికి పైగా పని పోయింది. ఆ పట్టణం దాని మీదే బతికేది. వాయవ్యంలో ఖోమకావు రాగి గనిని 2024లో ఎంఎంజీ కంపెనీ కొనుక్కుని విస్తరిస్తోంది. రాగికి గిరాకీ ఉంది, నిజమే. కానీ 3 శాతం రాయల్టీ కట్టే ప్రైవేటు రాగి గని, 10 శాతం రాయల్టీతో పాటు సగం వాటా ఇచ్చే వజ్రాల గని స్థానాన్ని నింపలేదు. టన్నులు కాదు, పంపకమే తేడా.

డీ బీర్స్‌లో 85 శాతం ఉన్న ఆంగ్లో అమెరికన్ కంపెనీ దాన్ని వదిలించుకుంటామని 2024 మేలో ప్రకటించింది. తన 15 శాతాన్ని పెంచుకుని పగ్గాలు చేతికి తీసుకోవాలని బోకో ప్రభుత్వం ఆరాటపడుతోంది. వెలకట్టడం, అమ్మడం పూర్తిగా చేతికొస్తాయన్నది వాదన. నిజమే. దానితో పాటు అమ్ముడుపోని నిల్వ, మార్కెట్ నష్టం కూడా వస్తాయి. పన్ను తీసుకునేవాడు గని నష్టపోతే ఆదాయం మాత్రమే కోల్పోతాడు, యజమాని పెట్టుబడి కూడా పెట్టాలి.

ఆ పెట్టుబడికి గడువు కూడా దగ్గర్లోనే ఉంది. జ్వానెంగ్ గోడలు ఎంత వెనక్కి జరిపినా 2030ల నడిమికి ఓపెన్‌కాస్ట్ గిట్టుబాటు కాదు, అప్పటికి భూగర్భ గని సిద్ధంగా ఉండాలి. సొరంగాలు దింపి, గాలి మార్గాలు తవ్వి, గొట్టాన్ని కిందినుంచి తొలిచే ఏర్పాట్లు చేయడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. తొలి దశకు 100 కోట్ల డాలర్లని 2024 మొదట్లో నిర్ణయించారు. ఆ ఏడాదే అమ్మకాలు దాదాపు సగానికి పడిపోయాయి.